రావుగారితో జత కట్టాను బావా

మల్లేశ్ బావా,

ఎట్లున్నావు అని అడిగితే నవ్వుతావేమో… మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు పోయి ఏడాదిన్నర దాటింది. సాయంత్రం గోదాము లెక్క రాసుకునే వేళ ఇది. ఈ రోజు లెక్క పక్కన పెట్టి నీకు రాస్తున్నాను.

ముందు పెద్ద వార్త. తెలంగాణ వచ్చింది. నాచారం చౌరస్తాలో పటాకులు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. నా తెల్ల చొక్కా ఇప్పటికీ గులాబీగానే ఉంది. నువ్వుంటే ఆ రోజు ఎవరిని ఇంటికి పోనిచ్చేవాడివి? ఉప్పల్ రోడ్డు పొడుగునా మెట్రో స్తంభాలు లేచాయి. నారపల్లి వైపు మనం పోయి చూసొచ్చిన చేను ఇప్పుడు ప్లాట్లు. మీ ఇంట్లో సుజాతక్క ధైర్యంగానే ఉంది.

రెండో వార్త నీకు ఇంకా పెద్దది. మన టెన్నిస్ టోర్నమెంటు జరిగింది.

నువ్వు పోయిన ఏడాది ఎవరూ ఆ మాట ఎత్తలేదు. క్లబ్బు వెనక సిమెంటు కోర్టులో గడ్డి మొలిచింది. ఈ ఎండాకాలం యాదగిరి మొదలుపెట్టాడు. తన టెంట్‌హౌస్ ముందు నన్ను ఆపి, మళ్లీ ఆడదామన్నాడు. మీరు ఆడండి, నేను గీతల దగ్గర నిలబడతాను అన్నాను. అసలు సంగతి అప్పుడు చెప్పాడు. రావుగారి జత మూర్తి రిటైరై వైజాగ్ వెళ్లిపోయాడు కదా, ఇక్కడ రావుగారు ఒంటరి, నేను ఒంటరి. మేమిద్దరం కలిస్తే నాలుగు జతలు. కలవకపోతే మూడే. మూడు జతలతో సెమీఫైనల్ ఎట్లా పెడతారు? నేను ఆడితే టోర్నమెంటు ఉంటుంది, లేకపోతే ఇక లేనట్టే.

పోచారం ఐటీ పిల్లల్ని ఎవరినైనా పిలవమన్నాను.

"ఆళ్లు తాగుతె ఆడరు, ఆడుతె తాగరు. మనకెట్ల పనికొస్తరే?" అన్నాడు యాదగిరి.

వారం రోజులు ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు, వాళ్లకు చెప్పడం నాకు రాదు. ఆ కోర్టులో నాకు ఎడమ పక్కన ఎప్పుడూ నువ్వే ఉన్నావు. అక్కడ ఇంకో మనిషి నిలబడితే… ఎట్లా చూడను?

చివరికి సుజాతక్క ఫోన్ చేసింది. ఆయన లేడని ఆట బంద్ పెడితే, ఆయన ఉన్నన్ని రోజులు ఆయన మొహం చూసి ఆడినట్టా, ఆట మీద ఇష్టంతో ఆడినట్టా అని అడిగింది. శనివారం పొద్దున సున్నం డబ్బా తీసుకుని కోర్టుకు పోయాను.

శనివారమంతా గడ్డి పీకి, గీతలు వేసి, నెట్టు కట్టాం. రాత్రి వాన పడింది. ఆదివారం పొద్దున గోనె సంచులతో నీళ్లు తుడిచాం. మందు సీసాల సంచి మాత్రం మామూలుగానే నా స్కూటర్ డిక్కీలో, తాళం నా జేబులో.

ఆ నియమం నువ్వు పెట్టిందే. మొదటి ఏడు ఓడిపోయిన వాళ్లు పొద్దున్నే మూతలు తీశారు. ఫైనల్‌లో లైన్ చూడడానికి యాదగిరిని నిలబెట్టాం. బంతి లోపలా బయటా అని అడిగితే, ఒకటి లోపల పడ్డది, ఒకటి బయట పడ్డది, దేన్ని చెప్పాలి అని మనల్నే అడిగాడు. ఆ రోజే నువ్వు తీర్పు చెప్పావు. "ఫైనల్ గాకముందు ఎవ్వనికీ సుక్క లేదు. తాళం సత్తి బావ దగ్గరుంటది. ఆయన నోరే తెర్వడు, ఇగ డిక్కీ ఏం తెరుస్తడు?"

సెమీఫైనల్ యాదగిరి జతతోనే పడింది.

బావా, రావుగారు ఎంత మర్యాద మనిషో నీకు తెలుసు. హబ్సిగూడలో అంత పెద్ద సైంటిస్టుగా చేసి, కూరగాయల బండి దగ్గర కూడా అండీ అనే మనిషి. మొదటి గేములోనే బంతి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. ఆయన రాకెట్ కిందికి దించి, "మీరు తీసుకోండి సత్తయ్యగారూ" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపు బంతి ఎగిరి వెనక కంచెకు తగిలింది. రెండోసారి నేను ఆయన కోసం ఆగాను, ఆయన నా కోసం ఆగారు. మూడోసారి కూడా అంతే.

అటు వైపు యాదగిరి నడుం పట్టుకుని నవ్వుతున్నాడు. "ఏంది సార్లూ, బాలును కుర్సీల కూసోబెట్టి ఛాయ్ తాపుతరా?" ఆ తర్వాత ప్రతి బంతీ మా మధ్యకే కొట్టాడు. వాడికి ఆట రాదని ఎవరన్నారు?

అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ మన ఇద్దరి తరఫున అరిచింది నువ్వొక్కడివే. "నాది!" "నీది బావా!" "ఇడ్సిపెట్టు, బయటికి పోతున్నది!" ఊపు మీదుంటే అవతలి జత బంతికి కూడా "అది నీదిరా యాదగిరీ, ఉరుకు" అనేవాడివి. నేను ఒంటరిగా గోదాము గోడకు బంతి కొట్టి ఆట నేర్చుకున్నవాడిని. గోడతో ఆడేటప్పుడు మాట్లాడే పని లేదు. నీతో ఆడేటప్పుడూ లేకపోయింది. మరి ఇప్పుడు?

నాలుగు గేములు వరుసగా పోయాయి. రావుగారు ప్రతిసారీ క్షమించండి అంటున్నారు. పాపం, ఆయన తరఫున కూడా మూర్తే అరిచేవాడేమో.

అయిదో గేములో యాదగిరి బంతిని బాగా పైకి లేపాడు. ఎండ కళ్లలో కొడుతోంది. రావుగారు తల ఎత్తి, రాకెట్ ఎత్తి, మళ్లీ నా వైపు చూసి మర్యాదగా నోరు తెరవబోయారు.

"ఇడ్సిపెట్టుండ్రి సార్! నాది!"

ఎంత గట్టిగా అరిచానో తెలియదు. క్లబ్బు వాచ్‌మన్ గేటు దగ్గర లేచి నిలబడ్డాడు. రావుగారు రెండడుగులు వెనక్కి గెంతారు. నేను బలమంతా పెట్టి కొట్టాను… బంతి కంచె దాటి, రోడ్డు మీద పోయే నీళ్ల ట్యాంకర్ మీద పడి, ట్యాంకర్‌తో పాటే మల్లాపూర్ వైపు వెళ్లిపోయింది.

తర్వాత రావుగారు నా దగ్గరికి వచ్చి, "మీకు గొంతుందా సత్తయ్యగారూ!" అన్నారు. యాదగిరి కోర్టు మధ్యలో కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాను బావా. ఆ కోర్టులో ఇంక నవ్వనేమో అనుకున్నాను…

ఆ తర్వాత నా నోరు ఆగలేదు. నాది, మీది, ఆగుండ్రి, ఉరుకుండ్రి. రావుగారు కూడా మొదలుపెట్టారు. "నాదండీ!" అని అరిచేవారు. అరుపులో కూడా అండీ ఏమిటో! ఆయనది ఆంధ్రా అని నువ్వు వేసే జోకు గుర్తొచ్చింది. "రాష్ట్రమొస్తె నీ సర్వీసుకు వీసా గావాలె సారూ." ఈసారి ఆయనే గుర్తుచేసి, వీసా లేకుండానే మంచి సర్వీసులు వేశారు. నాలుగూ నాలుగు దాకా లాగాం. ఓడిపోయాం, కానీ యాదగిరి నవ్వు మధ్యలోనే పోయింది.

ఓడినవాళ్లం కాబట్టి ఫైనల్‌లో లైన్ల దగ్గర మేమే నిలబడ్డాం, గొంతు తడుపుకోకుండా. నాకు మాట రావడం లేదు, బొంగురుపోయింది. రాత్రి ఇంటికి వెళితే మీ చెల్లె, ఎవరితో కొట్లాడి వచ్చావు అని అడిగింది.

సాయంత్రం డిక్కీ తెరిచాను. సుజాతక్క నంజుకోవడానికి అలసంద గుడాలు పంపింది, కారం మామూలుగానే ఎక్కువ. మూత తీయగానే యాదగిరి నీ పేరు చెప్పి నేల మీద పోశాడు. పోస్తూనే ఉన్నాడు, ఆపడం లేదు. రావుగారే చెయ్యి పట్టుకున్నారు. "అంత పొయ్యకండి. ఇంటికెళితే మల్లేశ్‌గారు వాసనకి దొరికిపోతారు."

అందరం నవ్వాం. ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నాం.

తర్వాత యాదగిరి మెల్లగా అడిగాడు. "మరి వచ్చే ఏడు, సత్తన్నా?" అందరూ నా వైపు తిరిగారు. రావుగారు మాత్రం చూడలేదు, వంగి బూట్ల తాడు కట్టుకుంటున్నారు. కట్టుకున్నదే విప్పి మళ్లీ కడుతున్నారు. ఆయనకూ ఇంకో చోటు లేదు బావా. ఆ సంగతి నాకు అప్పటిదాకా తోచలేదు.

ఆడతాను అన్నాను. రావుగారు ఒప్పుకుంటే ఆయనతోనే అన్నాను.

నిన్ను అడగకుండా మాటిచ్చాను. వచ్చే ఏడు, ఆ పై ఏడు, మోకాళ్లు మోసినన్నాళ్లు. నువ్వేమీ అనుకోవు కదా…

నీ
సత్తయ్య