ఫ్యాను ఆపి చదివిన కాగితం

జూన్ 12, ఆదివారం మధ్యాహ్నం

పూజ్యులైన నాన్నగారికి,

మీ అబ్బాయి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేనూ, నా దగ్గరికొచ్చిన అమ్మా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. అక్కడ మీ మోకాలినొప్పి తగ్గిందని తలుస్తాను. వాన వచ్చేలా ఉంది. కిటికీలోంచి పడే వెలుతురు కాగితం మీద నీళ్ళలా కదులుతోంది. అందుకే ఈ ఉత్తరం కాస్త మెల్లగా నడిస్తే విసుక్కోకండి.

లా కాలేజీలో చేరతానన్న రోజున మీరన్న మాట గుర్తుందా? కరపత్రాలు చదివి ఎవరూ ప్లీడర్లయిపోరనీ, ముందు ఎవరి దగ్గరైనా ఏడాది పనిచేసి అప్పుడు తేల్చుకోమనీ అన్నారు. తలుపు ధడేల్మని వేసి బయటికి పోయాను. చట్టమంటే లేనివాడి చేతి కత్తి, అది పట్టడానికి ఒకరి అనుమతేమిటని నా మంట. మీ మీద కసితోనే ఇక్కడ ఒక ఆడ ప్లీడరు దగ్గర చేరాను, ప్లీడరమ్మ అంటాం.

చేరాక కత్తులేవీ కనబడలేదు. ఫైళ్ళకి తాడు కట్టడం, జిరాక్సులు తీయించడం, వాయిదాలు గుర్తుచేయడం. మెట్ల కింద ఇరుకు గది, పాత కాగితాల వాసన. మధ్యాహ్నాలు కునుకు పట్టేది. కలలో నేను కోర్టులో ఉరుముతుంటే జడ్జి కళ్ళొత్తుకునేవాడు. లేచేసరికి నా బుగ్గ మీద ఆఫీసు స్టాంపు ముద్ర ఉండేది.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కక్షిదారు చెప్పింది రాసుకున్నాక, టైపుకి పంపేముందు వాళ్ళకే పైకి చదివి వినిపించాలి. ప్రతి మాటా వినబడాలని చదివేటప్పుడు ఫ్యాను ఆపేస్తారు. వాళ్ళు కళ్ళు మూసుకుని విని, ఇది నేనే అంటేనే కాగితం ముందుకి కదులుతుంది.

పోయిన వారం ఒకావిడ, భర్త నుంచి విడిపోతానని వచ్చింది. చెప్పింది కొంచెమే. నా రక్తం మరిగిపోయింది. చదివిన కరపత్రాలన్నీ ఆవిడ కాగితంలో దట్టించాను: పురుషాహంకారపు ఉక్కుపాదం, యుగాల దాస్యం, తెగిపడాల్సిన సంకెళ్ళు. ఫ్యాను ఆగింది. గొంతు పెంచి చదివాను. అయిపోయినా ఆవిడ కళ్ళు తెరవలేదు.

"చాలా బాగుంది నాన్నా," అంది. "ఇందులో ఉన్నావిడ ఎవరు, పాపం?"

ప్లీడరమ్మ నవ్వాపుకోడానికి కళ్ళజోడు తుడుచుకుంది. నా చెవులు కాలిపోయాయి. అయితే అసలేం రాయాలో చెప్పమన్నాను, పెడసరంగానే.

"మా ఆయన చెడ్డ మనిషేం కాదు. కొట్టలేదు, తిట్టలేదు. కాకపోతే నేను గదిలో ఉండగానే లైటార్పేసి వెళ్ళిపోతారు. ప్రతిసారీ. చీకట్లో నిలబడి ఎన్నాళ్ళని పిలవను? అదే రాయి."

అదే రాశాను. పైన ఒక్క మాట కలపలేదు. మళ్ళీ చదువుతుంటే నా గొంతు నాకే చిన్నదైపోయింది. ఆవిడ కళ్ళు తెరిచి, ఇది నేనే అంది.

ఇప్పుడు కునుకు పడితే కోర్టు రావడం లేదు. ఒక చీకటి గది వస్తుంది. లోపలెవరో నెమ్మదిగా మాట్లాడుతుంటారు. నేను గోడ తడుముతూ స్విచ్చి వెతుకుతుంటాను. లేచాక కూడా వేళ్ళకి ఆ గోడ చల్లదనం తగులుతూనే ఉంటుంది.

పని చేసి తేల్చుకోమన్నారు కదా, తేల్చుకున్నాను. లా కాలేజీలో చేరుతున్నాను. కోపం తగ్గిందనుకునేరు, తగ్గలేదు. ఇకమీదట దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను, ఇంకొకరి నోట్లో కుక్కను.

ఆశీర్వదించమని అడుగుతూ,
మీ అబ్బాయి

తా.క.: ఆ లైటు మన వంటింటిది. ఆవిడ అమ్మే. ఈ కేసు నేను ముట్టుకోకూడదని ప్లీడరమ్మ గట్టిగానే చెప్పింది. వాడే రాయాలి, వాడికీ తెలియాలి అని అమ్మ పట్టుబట్టింది. నోటీసు ఈ వారంలో మీకు అందుతుంది. అంతకంటే ముందు నా ఉత్తరం చేరాలని అమ్మే పక్కన కూర్చుని రాయించింది. ఇంకొక్క మాట రాయమంది. చదివేటప్పుడు ఫ్యాను ఆపమంది.