ఎంగిలి ఈల

బావా,

ఇవాళ మన ఆర్చరీ క్లబ్బు అడవికి ఒక్కణ్నే వెళ్లాను. మనం బాణాలు వేసే ఫోమ్ టర్కీకోడి బొమ్మ అక్కడే ఉంది. ఈ దేశంలో విల్లుతో వేటాడకూడదు, అడవి టర్కీలూ లేవు. అయినా నువ్వు ప్రతి బాణానికీ ముందు ఈల ఊది పెట్టలా కూసేవాడివి. "వసంతంలో పుంజుని పిలవాలిరా. పిలవకుండా కొడితే అది వేట కాదు" అనేవాడివి.

పోయినేడు లాక్‌డౌన్ సడలించగానే నేను మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఈల లాక్కుని నేనూ ఊదాను. అప్పటికే నా గొంతులో గరగరగా ఉంది, చెప్పలేదు. చొక్కాకి తుడిచి ఇస్తే, "మనలో మనకి ఎంగిలేంట్రా, ఏం ఫర్లేదు, గ్రాండ్!" అని నోట్లో పెట్టుకున్నావు. రెండు రోజులకి నాకు పాజిటివ్ వచ్చింది. స్వోర్డ్స్ ఊళ్లో ఒంటరిగా ఉంటాను గనక ఎవరికీ తెలియలేదు. నీకైనా ఫోన్ చేయాల్సింది. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటుండగానే నిన్ను ములింగార్ ఆసుపత్రిలో చేర్చారు.

అక్క ఇప్పటికీ, "ఆ రోజు మీ బావని పాలకి షాపుకి పంపకుండా ఉండాల్సిందిరా. నేనే చంపుకున్నాను" అంటుంది. నేను తల దించుకుని వింటాను.

ఈ ఉదయం తనే ఆ ఈలని వేడినీళ్లతో కడిగి, "ఆయనకిష్టం, నువ్వు ఊదు" అని నా చేతిలో పెట్టింది. అడవిలో దాన్ని పెదవుల దాకా తెచ్చాను. ఊదలేకపోయాను.

తిరిగొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది.

"ఊదావా?"

"ఊదానక్కా. బాగా పలికింది."

"అయితే మీ బావ వినే ఉంటారురా" అంది.