సుద్ద గుర్తులు

నాన్నా, నా ఉద్యోగం పోలేదు, కంగారు పడకు.

ఈస్ట్ కణంలో క్రోమోజోము దారం హిస్టోన్లనే కండెలకు చుట్టుకుని ఉంటుంది. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో వాటి మీద ఎంజైములు గుర్తులు పెడతాయి, నువ్వు గుడ్డ మీద సుద్దతో పెట్టినట్టే. ఒక ఎంజైము తీసేసి పెంచిన తెల్ల ఈస్టులో ఎర్ర చారలొచ్చాయి. పాడైందనుకుని పారేశాను. మా ల్యాబు మేడమ్ చెత్తబుట్టలోంచి తీసి, "క్రోమోజోము జారిపోయిన కణాలే ఎర్రబడతాయమ్మా. నెలరోజులుగా వీటికోసమేగా చూస్తున్నాం" అంది. తిట్టలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది.

కంటి ఆపరేషను మళ్ళీ వాయిదా వేశావట, అమ్మ రాసింది. ఇక సాకులొద్దు. కత్తెర అన్నయ్యకిచ్చి వెంటనే వెళ్ళు. అమ్మ మోకాలిని అడిగానని చెప్పు.

నా కొత్త చొక్కాకు గుర్తులు నువ్వే పెట్టాలి. ఇంకెవరు పెట్టినా నేను తొడుక్కోను.

నీ చిట్టి