నీ అంకెలు

అన్నయ్యా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ జిప్సీ జీపుకి నువ్వు బిగించిన, ఇంజనుకి పెట్రోలు కొలిచి పంపే ఇంజెక్షన్ కంప్యూటర్ ఉప్పుగాలికి పాడైపోయింది. కొత్తది ఎంచుకోవాలని, డైరీ ఫార్మ్ పేటలో మన మెకానిక్ అప్పలరాజు దగ్గరికి నీ లాప్‌టాప్ పట్టుకెళ్ళాను. రెండు రకాలున్నాయట. ఒకదాంట్లో, ఎప్పుడెంత పెట్రోలు పంపాలో నువ్వు లాప్‌టాప్‌లో దాచిన అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకోవచ్చు. రెండోది పొగను చూసి, ఎంత పెట్రోలు పొయ్యాలో తనే నేర్చుకుంటుంది.

నీ అంకెలు పట్టేదే కావాలన్నాను. అతను తెర మీద ఒక గడి చూపించి నవ్వాడు.

"అరే దీదీ, ఇది సూడండి! చఢాయి, ఎత్తు ఎక్కేటప్పుడు సగం పెట్రోలే ఇచ్చీసినారు. పెట్రోలు తగ్గితే ఇంజను వేడెక్కిపోదేటి మరి? భయ్యా చేతిపని మంచిదే గానీ, లెక్కలో, హిసాబ్‌లో కచ్చా!"

డిగ్నాబాద్ ఎత్తు ఎక్కుతూ నువ్వు అంకెలు చెబుతుంటే, పక్కసీట్లో కూర్చుని వాటిని లాప్‌టాప్‌లో కొట్టింది నేను. నువ్వే తప్పు చెప్పావో, నేనే తప్పు కొట్టానో ఇప్పుడు తేల్చేదెవరు? ఆ వేడి ఎందుకో అంతుపట్టక నువ్వు నెలల తరబడి ఇంజను విప్పి బిగించావు.

"తనే నేర్చుకునేది తెప్పించు" అన్నాను. ఆ అంకె కొట్టింది నేనని మాత్రం అతనికి చెప్పలేదు. అతనితోపాటు నేనూ నవ్వాను, అన్నయ్యా.