నేను చూడని నెలవంక

అల్లా పేరుతో. సింగ్‌భూం జిల్లా జంషెడ్‌పూర్, కద్మాలో సొంత ఇంట్లో కాపురముంటున్న షేక్ ఫకీర్ మొహిద్దీన్ అనే నేను, మర్హూం దస్తగిరి గారి రెండో కొడుకును, వయసు అరవై ఎనిమిది, ఉక్కు భట్టీ దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చూపు మాత్రం నిలకడగా లేదు. మంట చూసీ చూసీ కళ్ళు మసకేశాయి. ఇప్పుడు ఊరంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. అదీ ఒక అందమే, ఫిర్యాదు లేదు.

1. నా ఆస్తి షరియతు వాటాల ప్రకారం భార్య జులేఖాబీకి, కొడుకు అన్వర్‌కు, కూతురికి చెందాలి. వారసులకు విడిగా రాయడం మా ధర్మంలో చెల్లదు. బయటివాళ్ళకు మూడో వంతు దాటకుండా రాయవచ్చు. కింద రాసినవన్నీ ఆ లోపలివే. పాన్‌దాన్ జోలికి ఎవరూ పోవద్దు. అది జులేఖాబీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. సున్నం ఎక్కువైందని నలభై ఏళ్ళు సణగడం తప్ప అందులో నాకు హక్కు లేదు.

2. కూతురి కూతురు రజియాకు, భట్టీలోకి చూసే నా నీలం అద్దం. పట్టపగలు దాంతో వంటింట్లోకి చూస్తే వెన్నెల పడినట్టుంటుంది. సూర్యుడి వైపు మాత్రం తిప్పకూడదు.

3. మా వీధి మసీదుకు, నా జంత్రీలు అంటే పంచాంగాలు, చంద్రుడి లెక్కల నోటు పుస్తకాలు పదకొండు. మౌల్వీ గారు వద్దంటే బతిమాలవద్దు. చంద్రుణ్ణి లెక్కతో పట్టుకోవడం అల్లా మీద ఈమాన్‌కు లోటని ఆయన అభిప్రాయం. నాకైతే ఆ లెక్కలు వేస్తుంటేనే, ఇంత పద్ధతిగా నడిపేవాడు ఒకడున్నాడని ఒళ్ళు పులకరించేది. బుద్ధి ఇచ్చిందీ ఆయనే కదా.

4. గమ్హరియాలో ఉంటున్న అన్న అబ్దుల్ గఫూర్‌కు, నాన్నగారు జపం చేసుకున్న తస్బీ మాల. పెద్దకొడుకుగా ఆయనకు రావలసింది, నేనే దాచుకున్నాను. దానితోపాటు ఈ నిజం కూడా.

తొమ్మిదేళ్ళ కిందట, రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం. భట్టీలో కరిగిన మడ్డి, స్లాగ్, పారబోసిన వెలుగుకు ఆకాశం ఎర్రబడింది, పైన పొగ. మా మేడ మీద నేనూ, క్రేన్ డ్రైవరు ఆదిబాబూ నిలబడ్డాం. నెలవంక ఉండి తీరాలని నా లెక్క. ఆదిబాబు చెయ్యి చాపి, "బావా, అల్లదిగో. సన్నంగా, గోరు తీసినట్టుంది. అగుపడతందేటి?" అన్నాడు. నాకు ఎర్రటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. అయినా లెక్క అబద్ధమాడదు, ఆదిబాబు అబద్ధమాడడు. నమ్మాను. అంతవరకు తప్పు లేదు.

మసీదులో సోనారి నుంచి వచ్చిన ఒకాయన చూశానన్నాడు. ఇద్దరు ముస్లిం సాక్షులుంటేగానీ పండగ ప్రకటించరు. ఆదిబాబు మాట అక్కడ చెల్లదు. నీ కళ్ళతో చూశావా అని మౌల్వీ గారు అడిగారు. చూశానని అల్లా సాక్షిగా చెప్పాను.

అక్కడే ఉన్న అన్నకు నా కళ్ళ సంగతి తెలుసు. బస్సు బోర్డు ఆయనే చదివి చెప్పేవాడు. నన్ను బయటపెట్టకుండా లేచి వెళ్ళిపోయి, మర్నాడు రోజా ఉన్నాడు. మధ్యాహ్నం రేడియోలో నెలవంక నాలుగు ఊళ్ళలో కనిపించిందని చెప్పారు. పండగనాడు రోజా ఉండటం నిషేధం. తమ్ముడి మీద కుళ్ళుతో పాపం మూటగట్టుకున్నాడని వీధంతా నవ్వింది. నేను సేమ్యా తింటూ ఊరుకున్నాను. అన్న మళ్ళీ మా గడప తొక్కలేదు.

నెలవంక నిజం, నా సాక్ష్యం అబద్ధం. తెలుసు అనవలసిన చోట, నమ్ముతున్నాను అనవలసిన చోట, చూశాను అన్నాను. అన్నా, తప్పు నీది కాదు, నాది. మూడుసార్లు గమ్హరియా ఆటో ఎక్కి దిగిపోయాను. పిరికివాణ్ణి.

5. నాలుగో అంశాన్ని శుక్రవారం నమాజు తర్వాత మసీదులో అన్వర్ గట్టిగా చదవాలి. చదివిన తర్వాతే మిగతావి పంచాలి. సిగ్గుపడితే పడనీ, వాడి అబ్బా పడాల్సిన సిగ్గే అది.

6. ఆదిబాబుకు నా సైకిలు రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాడికి వీలునామాలో ఏమీ రాయకపోవడం మంచిదని ప్లీడరు గారు అన్నారు. సైకిలో, సాక్ష్యమో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు చూసినవాడు వాడు, సాక్ష్యం చెప్పినవాణ్ణి నేను. అందుకని వాడికి ఏమీ రాయలేదు. ఈ కాగితానికి మొదటి సాక్షి ఆదిబాబు.

కద్మా, 1983 నవంబరు 20.

(సంతకం) షేక్ ఫకీర్ మొహిద్దీన్

దస్తూరీ: ఏసుమణి, టీచరు. రెండుసార్లు చదివి వినిపించాను.

సాక్షులు:
1. ఆదిబాబు. మొహిద్దీన్ బావ సంతకం పెడతుండగా నా కళ్ళతో చూసినాను.
2. సవరయ్య. నేనూ చూశాను.