అరువు తెచ్చుకున్న యుద్ధం మాటలు

శుక్రవారం, మిరపకాయలు ఆరబోసిన రోజు

నేను చెబుతుంటే మనవరాలు సుజాత రాస్తోంది. దానికి మిలిటరీ ఆఫీసరు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. "ఇంగ్లీషులో తడబడేదానివి, నీకెందుకే ఆర్మీ?" అని నా కొడుకు కళ్లంలో అందరి ముందూ దాన్ని వెక్కిరించాడు. అప్పుడు సుజాత నాకో సంగతి చెప్పింది. ఆర్మీ, సోల్జర్, కెప్టెన్, లెఫ్టినెంట్, అన్నీ ఫ్రెంచివాళ్ళ మాటలేనట! ఫ్రాన్సు దొరలు ఇంగ్లాండును గెలిచి ఏలినప్పుడు అక్కడికి చేరాయట. నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది.

"ఏరా, ఇంగ్లీషోళ్ళే యుద్ధం మాటలు అరువు తెచ్చుకున్నారంట! మనం పక్కోళ్ళ దగ్గర అరువు తెచ్చిన టార్పాలిన్ పట్టా మీద కాయలు ఆరబోసుకోవట్లా? అట్టాగే. వాళ్ళకి లేని సిగ్గు నా పిల్లకెందుకురా?"

వాడు గంప దించి, "సరేలేమ్మా, రేపు బస్సు నేనే ఎక్కిస్తా" అన్నాడు.

గెలిచాను! కానీ ఆ కెప్టెన్లను ఏ సరిహద్దుకు పంపుతారో దీన్ని ఇంకా అడగనే లేదు...