దేముడమ్మ అడిగిన లెక్క

డుంబ్రిగుడ,
12 మార్చి 1927.

పూజ్యులైన బావగారు ధనరాజుగారికి, మీ బావమరిది వరహాలరావు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం కులాసా. ఈశ్వరమ్మ అక్కకి చలిజ్వరం తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది.

ఈ కొండల్లో మీరూ అప్పులివ్వాలనుకుంటున్నారనీ, వసూలుకు చట్టం ఏమంటుందో రాయమనీ అడిగారు. రెండు వారాలుగా రాయలేకపోయాను. మొహం చెల్లలేదు.

చట్టం 1917లో వచ్చింది. ఏజెన్సీలో ఏడాదికి నూటికి ఇరవై నాలుగు మించి వడ్డీ పనికిరాదు. వడ్డీ మీద వడ్డీ లేదు. ఎన్నేళ్లయినా మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. కొండవాళ్ల భూమి మనం రాయించుకోవాలంటే ఏజెంటు దొర అనుమతి ఉండాలి, లేకపోతే ఆ కాగితం చెల్లదు.

నేను ఇవేవీ పాటించలేదు. సోంబరు అనే రైతు ఎద్దు కోసం నా దగ్గర ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆరేళ్లు బాకీ కింద పసుపు, నూనెకి ఆడే వలిసె గింజలు మోసుకొచ్చి పోశాడు. ఇంకా బాకీ ఉందని చెప్పి అతని పొలం నా పేర రాయించుకుని వేలిముద్ర వేయించాను. మరుసటి ఏడు అతను జ్వరంతో పోయాడు. ఆ పొలంలోనే అతని భార్య దేముడమ్మ నాకు కూలికి వచ్చేది.

మొన్న మాఘంలో సర్కారు అధికారి ఇక్కడ మకాం వేస్తే ఆమె వెళ్లి నిలబడింది. నన్ను పిలిపించారు. ఆమె నన్ను తిట్టలేదు. "మా మావ అప్పు సేసినాడు, నాను కాదనను. ఇన్నేళ్లు మోసినా ఎందుకు తీరనేదో అదొక్కటీ సెప్పించండి బాబూ" అంది.

నేను పద్దుల పుస్తకం తీసి ముందు పెట్టాను. అధికారే దాన్ని తిరగేసి, బాకీ ఎప్పుడో తీరిపోయిందని తేల్చారు. పొలం తిరిగి ఇప్పించారు. చట్టం తెలీదని నేను చెబితే మందలించి వదిలేశారు.

బయటికొచ్చాక ఆమె, "రేపట్నించి నీ పనికి రాను బాబూ, నా పొలం దున్నుకోవాల" అంది. కోపంగా కాదు, కూలి మానేసేవాళ్లు చెప్పినట్టే. తల వంచుకుని సరే అన్నాను.

మీరు ఇటు రావద్దు బావగారూ. వస్తే చట్టం దాటకండి. అక్కకి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ వరహాలరావు

తా.క. చట్టం తెలీదన్నది అబద్ధం. అది వచ్చిన ఏడు సంతలో చదివి వినిపించమని సర్కారువాళ్లు కాగితాలు నా చేతికే ఇచ్చారు. అప్పుడిక్కడ చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. డప్పు వేయించి జనాన్ని పోగేసి, పశువుల రోగం గురించీ అడవి పన్ను గురించీ గట్టిగా చదివాను. వడ్డీ చట్టం కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. ముందు వరసలో కూర్చున్న సోంబరు ఇంకేమీ లేవా అని అడిగితే, లేవన్నాను.